మందు వేసే ముందు నర్సు ఏం చూడాలి, ఎందుకు చూడాలి

ఉదయం రౌండ్స్‌లో డాక్టరు ఒక మందు రాస్తారు. అది రోగి ఒంట్లోకి వెళ్లేది చాలాసార్లు అప్పుడు కాదు. మధ్యాహ్నమో, రాత్రో, మర్నాడు తెల్లవారుజామునో. ఈలోపు రోగికి రెండుసార్లు వాంతి అయి ఉండవచ్చు, భోజనం ముట్టకపోయి ఉండవచ్చు, బీపీ జారి ఉండవచ్చు, పొద్దున పంపిన రక్తపరీక్ష రిపోర్టు మధ్యాహ్నం వచ్చి ఉండవచ్చు. కేస్ షీటులోని అక్షరాలు మాత్రం అలాగే ఉంటాయి. రాసినప్పటి ఒళ్లు వేరు, వేసేటప్పటి ఒళ్లు వేరు. "ఈ మందు ఈ మనిషికి ఇప్పుడు వేయవచ్చా?" అని అడగగలిగే ఆఖరి మనిషి నర్సు. నర్సింగ్ విజ్ఞానమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ అల్లుకుని ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

డాక్టరు చదువునే కాస్త కుదించి చెబితే అది నర్సింగ్ అవుతుందని చాలామంది అనుకుంటారు. చదువుకునే పిల్లల్లోనూ ఈ భావన ఉంది. అందుకే పరీక్షల ముందు నార్మల్ వాల్యూలు ఒక కాగితం మీద, సైడ్ ఎఫెక్టులు ఇంకో కాగితం మీద, విరుగుడు మందులు మరో కాగితం మీద రాసుకుని వల్లె వేస్తుంటారు. వల్లె వేయడం తప్పు కాదు, ఆ అంకెలు నోటికి రావాల్సిందే. అయితే వార్డులో అవి విడివిడిగా ఎదురుకావు. రక్తంలో పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5.0 వరకు ఉండాలని తెలియడం ఒక ఎత్తు. రిపోర్టులో 2.9 అని వచ్చిన రోజు ట్రేలోని ఏ మాత్రను ఆపి, ముందుగా డాక్టరుకు ఫోన్ చేయాలో తెలియడం ఇంకో ఎత్తు. ఈ వ్యాసం ఆ రెండో దాని గురించి.

కాళ్ల వాపుతో మొదలైన గొలుసు

ఉదాహరణకు 70 ఏళ్ల మనిషిని ఊహించుకుందాం. గుండె లయ తప్పి కొట్టుకుంటోందని ఎప్పటినుంచో డైగాక్సిన్ వేసుకుంటున్నారు. ఈమధ్య బీపీ పెరిగిందని ఆమ్లోడిపిన్ మొదలుపెట్టారు. కొన్ని వారాలకు చీలమండల దగ్గర వాపు వచ్చింది. ఆమ్లోడిపిన్ సన్నటి ధమనులను వదులు చేస్తుంది. సిరలు అంతగా వదులు కావు. దాంతో మధ్యనున్న కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి, ద్రవం బయటికి ఊరి పాదాల దగ్గర చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది. కానీ పైకి చూస్తే వాపు వాపే. దానికి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసిమైడ్ జత అయింది. ఫ్యూరోసిమైడ్ మూత్రంతో పాటు పొటాషియంను కూడా బయటికి పంపేస్తుంది.

ఇక్కడే పాత మందు ప్రమాదకరంగా మారుతుంది. డైగాక్సిన్ గుండె కండరంలోని సోడియం-పొటాషియం పంపును (సోడియంను కణం బయటికి, పొటాషియంను లోపలికి నెట్టే ఏర్పాటును) పట్టుకుని పనిచేస్తుంది. పొటాషియం కూడా అదే చోటికి పోటీ పడుతుంది. రక్తంలో పొటాషియం తగ్గితే ఆ పోటీ పోతుంది, నిన్నటిదాకా మేలు చేసిన డోసే ఇవాళ విషమవుతుంది. డోసు మారలేదు, మాత్ర మారలేదు, మనిషి లోపల ఒక్క అంకె మారింది. అప్పుడు రోగి చెప్పేది కూడా గుండె గురించి ఉండదు. "ఆకలి లేదు, కడుపులో తిప్పుతోంది" అంటారు. వాంతులు తగ్గడానికి ఆన్‌డాన్‌సెట్రాన్ వేశారనుకోండి, అది కూడా గుండెలోని విద్యుత్ లయ మీద ప్రభావం చూపే మందే. పొటాషియం తక్కువగా ఉన్నవారిలో ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త రోగంగా భావించి ఇంకో మందు జోడించే ఈ వరసలో, ఎవరి పని వారు సరిగానే చేస్తుంటారు. అందుకే పట్టుకోవడం కష్టం.

పట్టుకోగలిగే అవకాశం నర్సుకు రోజుకు చాలాసార్లు వస్తుంది. స్నానం చేయించేటప్పుడు, పక్క సర్దేటప్పుడు కాళ్లు చూస్తుంది. వాపు ఎప్పటినుంచి అని అడిగితే, కొత్త మాత్ర మొదలైన రోజులకూ వాపు మొదలైన రోజులకూ పొంతన కనిపిస్తుంది. బరువు పెరగలేదు, ఆయాసం లేదు, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం లేదు. అంటే గుండె చేతకాక నీరు చేరిన వాపు కాకపోవచ్చు. ఇది రోగనిర్ధారణ చేయడం కాదు. డాక్టరు ముందు పెట్టాల్సిన సమాచారం పోగుచేయడం.

డైగాక్సిన్ వేసే ముందు నాడి చూడాలని ప్రతి నర్సింగ్ పుస్తకంలోనూ ఉంటుంది. ఎలా చూడాలన్నది ముఖ్యం. స్టెతస్కోప్‌ను ఎడమవైపు చాతీ మీద, గుండె కొన దగ్గర ఆనించి, పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం ఇక్కడ కుదరదు. లయ తప్పిన గుండెలో కొన్ని దెబ్బలు బలహీనంగా ఉండి మణికట్టు దాకా చేరవు, దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం సమంగా ఉండదు. పెద్దవారిలో 60 కన్నా తక్కువ ఉంటే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. దాంతో పాటు ఇంకో ప్రశ్న అడగాలి: "చూపులో తేడా ఏమైనా ఉందా? వస్తువులు పసుపుగా, పచ్చగా కనిపిస్తున్నాయా?" డైగాక్సిన్ వచ్చిన డిజిటాలిస్ మొక్క గురించి విలియం వితరింగ్ అనే ఆంగ్ల వైద్యుడు 1785లోనే వివరంగా రాశాడు. మోతాదు మించితే వాంతులు, పసుపుపచ్చ చూపు, నాడి మందగించడం వస్తాయని ఆయన అప్పుడే గమనించాడు. ఇవాళ రక్తంలో మందు ఎంత ఉందో కొలిచే పరీక్ష ఉంది. అయినా ఆ పరీక్ష చేయించాలన్న ఆలోచన రావడానికి ముందు ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడగాలి.

ఇన్సులిన్: మరుగున దాగిన లెక్క

పొరపాటు జరిగితే తీవ్రంగా హాని చేసే మందుల్ని ప్రత్యేకంగా విడదీసి చూస్తారు. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్, గాఢమైన పొటాషియం క్లోరైడ్ ఈ కోవలోవే. పొటాషియం క్లోరైడ్‌ను పలచన చేయకుండా నరంలోకి నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అందుకే చాలా ఆసుపత్రులు ఆ సీసాలను మామూలు వార్డుల్లోంచే తీసేశాయి. ఇన్సులిన్‌ను మాత్రం అలా తీసేయలేం. ప్రతి వార్డులో, ప్రతి పూటా కావాలి.

ఇన్సులిన్ సీసాలు రెండు గాఢతల్లో దొరికే చోట్ల ఉన్న ముప్పు చూడండి. ఒకటి మిల్లీలీటరుకు 40 యూనిట్లు, ఇంకోటి 100 యూనిట్లు. దేని సిరంజి దానికే. సాధారణంగా 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత ఉంటుంది. డాక్టరు 20 యూనిట్లు రాశారు. చేతిలో 100 యూనిట్ల సీసా ఉంది, దొరికింది 40 యూనిట్ల సిరంజి. ఆ సిరంజి మీద 20 గీత దాకా లాగితే లోపలికి వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. సిరంజి మీద 20 అనే కనిపిస్తుంది, చార్టులో 20 అనే రాస్తారు, ఒంట్లోకి రెండున్నర రెట్లు వెళుతుంది. తిరగేసి చూస్తే, 40 యూనిట్ల సీసాలోంచి 100 యూనిట్ల సిరంజితో 20 గీత దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ తగ్గడం లేదని మర్నాడు డోసు పెంచుతారు, ఆ తర్వాత ఎవరో సరైన సిరంజి వాడతారు, ఆ రాత్రి షుగర్ పడిపోతుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ఇంకొకరి చేత చూపించుకోవడం ఎందుకు తప్పనిసరో ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

డోసు సరిపోయాక సమయం సంగతి. రెగ్యులర్ ఇన్సులిన్ సుమారు అరగంటకు పని మొదలుపెట్టి 2 నుంచి 4 గంటల మధ్య బలంగా ఉంటుంది. త్వరగా పనిచేసే రకాలు 15 నిమిషాల్లోనే మొదలవుతాయి. మబ్బుగా కనిపించే ఎన్‌పీహెచ్ రకం ఇన్సులిన్ నెమ్మదిగా ఎక్కి 4 నుంచి 10 గంటల మధ్య పతాక స్థాయికి చేరుతుంది. ఈ అంకెలు తెలిసిన నర్సుకు రోజంతా ఒక గడియారం కనిపిస్తుంది. ఈ పూట వేసినది ఎప్పుడు బలంగా పనిచేస్తుందో, ఆ సమయానికి రోగి స్కానింగ్ కోసం ఖాళీ కడుపుతో ఎక్కడ కూర్చుని ఉంటాడో ఆమెకు తడుతుంది.

భోజనం చేయలేదు కాబట్టి ఇన్సులిన్ ఆపేద్దాం అనుకోవడం సగమే నిజం. భోజనం కోసం ఇచ్చే త్వరిత ఇన్సులిన్‌ను ఆపి అడగడం సబబే. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి రోజంతా పనిచేసే బేసల్ ఇన్సులిన్‌ను కూడా ఆపేస్తే, వారి ఒంట్లో సొంత ఇన్సులిన్ దాదాపు ఉండదు కాబట్టి కొవ్వు కరిగి కీటోన్లు పేరుకుంటాయి. అది కీటోయాసిడోసిస్‌కు, అంటే రక్తం ప్రమాదకరంగా ఆమ్లంగా మారడానికి దారితీస్తుంది. ఆపాలా వద్దా అనే నిర్ణయం డాక్టరుది. కానీ రెండు ఇన్సులిన్లూ ఒకటి కాదని తెలియకపోతే ఆ ప్రశ్నే పుట్టదు.

షుగర్ 70 కన్నా తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి వస్తాయి. స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు. వారికి నరంలోకి డెక్స్‌ట్రోజ్ గానీ గ్లూకగాన్ ఇంజెక్షన్ గానీ ఇవ్వాలి. ఇదంతా అందరికీ తెలిసిందే. తెలియాల్సింది ఇంకొకటుంది. ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడేవారిలో వణుకు, దడ కనిపించకపోవచ్చు. చెమట మాత్రం దాగదు. కాబట్టి బీటా బ్లాకర్ వాడే షుగర్ రోగి రాత్రిపూట చెమటతో తడిసి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే ముందు గ్లూకోమీటర్ తీసుకోవాలి.

ఊపిరి లెక్కపెట్టడం

వైటల్స్‌లో, అంటే నాడి, బీపీ, జ్వరం, శ్వాస లాంటి కొలతల్లో, ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది శ్వాస లెక్క. బీపీకి మిషన్ ఉంది, పల్స్‌కూ ఆక్సిజన్‌కూ వేలికి తగిలించే క్లిప్పు ఉంది. శ్వాసకు మాత్రం మనిషి కూర్చుని నిమిషంపాటు చూడాలి. ఆ నిమిషం దొరక్క వార్డంతా 18, 18, 20 అని రాసి ఉన్న చార్టులు చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే ఒంట్లో ఏదో చెడిపోతోందని అన్నిటికన్నా ముందు చెప్పే గుర్తుల్లో ఊపిరి వేగం ఒకటి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, రక్తంలో ఆమ్లం పెరిగినా, లోపల రక్తం కారుతున్నా శరీరం మొదట ఊపిరి వేగం పెంచి సర్దుకోవాలని చూస్తుంది. బీపీ పడిపోయేది చాలావరకు ఆ సర్దుబాటు ఓడిపోయాకే. లెక్కపెడుతున్నట్టు రోగికి తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే నాడి పట్టుకున్నట్టే చెయ్యి ఉంచి, చాతీ కదలికను గమనించాలి.

ఇలా విడివిడిగా చిన్నవిగా కనిపించే తేడాలను కలిపి చూడటానికి బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక స్కోరును తెచ్చింది. 2017లో దాన్ని సవరించింది. నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్, పొట్టిగా న్యూస్ అని పిలుస్తారు. శ్వాస, ఆక్సిజన్, పై బీపీ, నాడి, స్పృహ, జ్వరం అన్నిటికీ మార్కులు వేసి కూడతారు. ఒక ఉదాహరణ: శ్వాస 22, ఆక్సిజన్ 95 శాతం, పై బీపీ 108, నాడి 98, జ్వరం 38.2 డిగ్రీల సెల్సియస్, అంటే దాదాపు 100.8 ఫారెన్‌హీట్. రోగి మెలకువగా మాట్లాడుతున్నాడు. ఏ ఒక్క అంకె చూసినా గుండె గుభేల్‌మనదు. శ్వాసకు 2, మిగతా నాలుగింటికి ఒక్కొక్కటి చొప్పున కూడితే 6 వస్తుంది. 5 వచ్చినా చాలు, వెంటనే డాక్టరు వచ్చి చూడాలని ఆ పద్ధతి చెబుతుంది. 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అత్యవసరం. "అన్నీ కొంచెం కొంచెం తేడాగా ఉన్నాయి సార్" అనే మాటకు ఆ స్కోరు ఒక బలం ఇస్తుంది.

అయితే స్కోరు నర్సుకు బదులు కాదు. వేలి క్లిప్పులో 97 కనిపించినా ఊపిరి సరిగా ఉందని అర్థం కాదు. మార్ఫిన్ వేసిన రోగికి ఆక్సిజన్ కూడా పెట్టి ఉంటే, ఊపిరి మందగించి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్నా ఆ అంకె చాలాసేపు బాగానే ఉంటుంది. మార్ఫిన్‌తో ఊపిరి తగ్గడానికి ముందు సాధారణంగా మగత ముంచుకొస్తుంది. పిలిస్తే కళ్లు తెరిచి, మాట మధ్యలోనే మళ్లీ నిద్రలోకి జారిపోతుంటే అది హాయిగా పడుకోవడం కాదు. తర్వాతి డోసు ఆపాలి, డాక్టరును పిలవాలి. మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ ఇచ్చాక రోగి లేచి కూర్చుంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నర్సు మాత్రం మంచం దగ్గరే ఉండాలి. నాలోక్సోన్ ప్రభావం చాలావరకు 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, మార్ఫిన్ అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. గంట తర్వాత అదే మగత తిరిగి రావచ్చు.

ఆక్సిజన్ కూడా మందే. ఎక్కువైతే మంచిదేగా అనుకోకూడదు. చాలామంది పెద్దవారికి 94 నుంచి 98 శాతం లక్ష్యం. ఏళ్ల తరబడి సీఓపీడీతో (గాలి గొట్టాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతో) బాధపడుతూ కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయే ప్రమాదం ఉన్నవారికి 88 నుంచి 92 చాలు. అలాంటి రోగికి 90 చూసి కంగారుపడి ఆక్సిజన్ బాగా పెంచేస్తే, కాసేపటికి తలనొప్పి, మగత మొదలవుతాయి. అంకె అందంగా 99కి చేరుతుంది, మనిషి మత్తులోకి వెళతాడు.

జ్వరం రాని ఇన్ఫెక్షన్

వృద్ధుల విషయంలో పాఠ్యపుస్తకపు లక్షణాలు తరచూ మోసం చేస్తాయి. న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా మంట చెప్పకపోవచ్చు. గుండెపోటు చాతీనొప్పి లేకుండా ఆయాసంగా, నీరసంగా కనిపించవచ్చు, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో. చాలాసార్లు వచ్చే మొదటి తేడా మనసులో కనిపిస్తుంది. నిన్న పేరు పెట్టి పలకరించిన మనిషి ఇవాళ ఎక్కడున్నారో చెప్పలేరు. కలవరించి, అరిచి, సెలైన్ పీకేసేవారిని అందరూ గుర్తిస్తారు. కదలకుండా, మాట్లాడకుండా, గోడవైపు తిరిగి పడుకునేవారిని "ఇవాళ ప్రశాంతంగా ఉన్నారు" అని రాసేస్తారు. ఈ రెండోది కూడా సంధే (జబ్బు వల్ల హఠాత్తుగా మతి చెదరడం, డెలీరియం), పైగా ఎవరి కంటా పడదు. "ఈయన మామూలుగా ఇలాగే ఉంటారా?" అని ఇంట్లోవాళ్లను అడగడం ఇక్కడ ఒక పరీక్షతో సమానం.

పారాసిటమాల్ సంగతి ఒక మాట. పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటకూడదు, బరువు తక్కువ ఉన్నవారికి, కాలేయం దెబ్బతిన్నవారికి ఇంకా తక్కువ. సెలైన్‌తో ఒకటి, మాత్రగా ఒకటి, ట్రమడాల్‌తో కలిపిన మాత్రలో దాగిన ఇంకొకటి, ఇలా ఒకే మందు మూడు పేర్లతో చార్టులో ఉండవచ్చు. మోతాదు మించినా మొదటి రోజు రోగి బాగానే ఉన్నట్టు కనిపించడం దీని ప్రమాదం. కాలేయం దెబ్బ ఆ తర్వాత బయటపడుతుంది.

మందు లేని వైద్యం

కేస్ షీటులో ఎవరూ ప్రత్యేకంగా రాయకపోయినా జరగాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పక్షవాతం వచ్చిన మనిషికి నోటి ద్వారా ఏదైనా ఇచ్చే ముందు మింగగలరో లేదో పరీక్షించడం అందులో మొదటిది. "ఒక్క మాత్రే కదా" అని నీళ్లతో ఇచ్చిన మాత్ర కూడా ఊపిరితిత్తుల్లోకి వెళ్లగలదు. పొలమారి దగ్గితే తెలుస్తుంది. కొందరిలో దగ్గే రాదు, నీళ్లు మింగాక గొంతు తడితడిగా, గరగరమంటూ మారుతుంది అంతే. ముక్కులోంచి కడుపులోకి వేసిన ట్యూబు ద్వారా ఇవ్వాలంటే మాత్ర నూరాలి. అన్నీ నూరకూడదు. నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన మాత్రను నూరితే రోజంతటి డోసు ఒక్కసారిగా పడుతుంది.

గుండె బలహీనపడిన రోగి బరువును రోజూ ఒకే సమయానికి, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే తూకం మీద చూడాలి. రెండుమూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, దాదాపు రెండు లీటర్ల నీరు. ఆయాసం రావడానికి ముందే ఆ తూకం చెప్పేస్తుంది. మూత్రం బ్యాగు కూడా అంతే. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తగ్గకూడదు. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు. బ్యాగు ఖాళీగా కనిపిస్తే మూత్రపిండాల గురించి భయపడే ముందు గొట్టం ఎక్కడైనా మెలిపడిందా, రోగి కింద నలిగిందా చూడాలి.

ఇక మంచాన పడినవారి చర్మం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని అందరూ చెబుతారు. ఎందుకో చూద్దాం. ఎముక ఉబ్బెత్తుగా ఉన్న చోట చర్మం పరుపుకూ ఎముకకూ మధ్య నలిగి, అక్కడి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. నడుం కింద త్రికాస్థి, మడమలు, తుంటి ప్రక్కలు ముందు దెబ్బతింటాయి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఇంకా తిరుగుతోంది. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, పైచర్మం చెక్కుచెదరకుండా ఉన్నా సరే. నల్లటి చర్మంలో ఎరుపు కనిపించదు. చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిగా లేదా మెత్తగా తగులుతోందా అని వేళ్లతో తడిమి చూడాలి. ఆ చోటును మర్దన చేయకూడదు, అప్పటికే నలిగిన కణజాలం ఇంకా చిరుగుతుంది.

ఇక్కడ రెండు మంచి పనులు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ట్యూబు ద్వారా ఆహారం వెళ్లేవారికి అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. అలా ఎత్తితే మనిషి నెమ్మదిగా కిందికి జారతాడు, చర్మం పరుపుకు అంటుకుని ఉంటే లోపలి ఎముక జరుగుతుంది, త్రికాస్థి దగ్గర పుండు పడే అవకాశం పెరుగుతుంది. న్యుమోనియా కావాలా, పుండు కావాలా అన్నట్టు ఉంటుంది పరిస్థితి. మోకాళ్ల కింద కాస్త ఎత్తు పెట్టడం, పైకి జరిపేటప్పుడు లాగకుండా ఇద్దరు దుప్పటితో ఎత్తడం, పక్కకు తిప్పేటప్పుడు పూర్తిగా కాకుండా 30 డిగ్రీలు వాల్చడం, మడమల్ని దిండు అంచున గాల్లో తేల్చి ఉంచడం, ఇవన్నీ ఆ చిక్కుముడికి నర్సులు కనిపెట్టుకున్న దారులు. ఏ మందుల షాపులోనూ దొరకవు.

చెప్పే తీరు, వినే తీరు

గమనించింది చెప్పలేకపోతే గమనించి ప్రయోజనం లేదు. అర్ధరాత్రి ఫోన్ చేసి "సార్, 12వ బెడ్ పేషెంటు బాగోలేడు" అంటే అవతలి డాక్టరుకు ఏమీ అందదు. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రులకు చేరిన ఎస్‌బార్ పద్ధతి ఇందుకు పనికొస్తుంది. ఇప్పుడేమైంది, వెనక కథ ఏంటి, నేనేం గమనించాను, మీరేం చేయాలని కోరుతున్నాను, ఈ నాలుగూ ఆ వరసలో చెప్పాలి. "సార్, 12వ బెడ్‌లో ఉన్నాయనకు గంట నుంచి ఊపిరి 26 ఉంది, మధ్యాహ్నం 18. నిన్న పేగు ఆపరేషన్ అయింది. పొట్ట గట్టిపడింది, మూత్రం రెండు గంటల్లో 20 మిల్లీలీటర్లే వచ్చింది. లోపల లీకేమోనని భయంగా ఉంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." ఆ చివరి వాక్యం పలకడానికి చాలామంది జూనియర్ నర్సులు జంకుతారు. జంకాల్సిన పని లేదు. ఫోన్‌లో మందు చెబితే దాన్ని, డోసును మళ్లీ చదివి వినిపించి సరేననిపించుకోవాలి.

రోగి మాట కూడా ఒక తనిఖీయే. "ఇది నేను రోజూ వేసుకునే మాత్ర కాదమ్మా, అది తెల్లగా ఉంటుంది" అని పెద్దాయన అంటే, కంపెనీ మారి ఉంటుందిలే అని నచ్చజెప్పి మింగించకూడదు. ట్రే పక్కన పెట్టి, చార్టు తెరిచి, సీసా మీది పేరు చదివి, ఆ తర్వాతే ఇవ్వాలి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని నేర్పే ఐదింటిలో మొదటి రెండింటినీ ఆ ఒక్క మాట కాపాడగలదు.

ఇవన్నీ చేయడానికి సమయం కావాలి. ఇందులో నర్సు శ్రద్ధ ఎంత ముఖ్యమో, ఒక్కొక్కరికి అప్పజెప్పిన రోగుల సంఖ్య అంతే ముఖ్యం. 2002లో లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల శస్త్రచికిత్స రోగుల వివరాలు పరిశీలించింది. ఒక్కో నర్సు మీద ఒక్క రోగి అదనంగా పెరిగినప్పుడు, 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరిగినట్టు తేలింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో చేసిన అధ్యయనంలోనూ దాదాపు అదే అంకె వచ్చింది. నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టమని నర్సుకు చెప్పేవారు ఆ నిమిషం ఆమెకు ఎక్కడినుంచి వస్తుందో కూడా ఆలోచించాలి.

రోగి తరఫున వచ్చేవారు చేయగలిగిన సాయం కూడా ఉంది. ఇంట్లో వాడే మందులన్నీ స్ట్రిప్పులతో సహా తీసుకురండి, ఏది ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. ఏదైనా మందు పడదు అంటే, వేసుకున్నప్పుడు ఏమైందో చెప్పండి. కడుపులో మంట రావడం, ముఖం వాచి ఊపిరాడకపోవడం ఒకటి కావు. మాత్రలు కానివి కూడా మందులే. గ్లకోమా (కంటి లోపలి ఒత్తిడి పెరిగే జబ్బు) కోసం కంట్లో వేసుకునే టిమొలాల్ చుక్కలు ముక్కు లోపలి పొర ద్వారా రక్తంలో కలిసి నాడి వేగాన్ని తగ్గించగలవు, ఆస్తమా ఉన్నవారికి ఆయాసం తెప్పించగలవు. నాడి ఎందుకు 48కి పడిందో అర్థంకాక వార్డంతా వెతుకుతున్నప్పుడు, ఆ చిన్న చుక్కల సీసా ఇంటి దగ్గర అలమారలోనే ఉండిపోతుంది.